నెగటివ్ సిలికా నెగటివ్ నారకు ఎలా అంటుకుంటుంది? రిటెన్షన్ పాలిమర్ డోస్ పెంచినా ఫలితం ఎందుకు రాదు?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతలో ముందు ఒకసారి చెబుతాను. జామాయిల్, సుబాబుల్ పల్ప్‌తో రాత కాగితం తీసే మెషిన్ మీది. ఫిల్లర్, అంటే నార మధ్య నింపే పొడి, సుద్ద (జీసీసీ). రిటెన్షన్ (సుద్ద, నార పొడి నీళ్లతో పోకుండా షీట్‌లోనే ఆగడం) కోసం సీపామ్, అంటే పాజిటివ్ చార్జ్ ఉన్న పాలీఅక్రిలమైడ్, టన్నుకు 250 గ్రాములు వేస్తున్నారు. బ్యాక్ వాటర్, అంటే షీట్ నుంచి జల్లెడ కిందికి దిగే నీళ్లు, పాలలా తెల్లగా వస్తోందని 400 దాకా పెంచారు. నీళ్లు తేటపడలేదు, పైగా షీట్‌ను లైట్‌కు పెట్టి చూస్తే మబ్బులు మబ్బులుగా కనిపిస్తోంది. సప్లయర్ వచ్చి "నానో సిలికా వేయండి" అన్నాడు. మీ అనుమానం: సిలికాకు నెగటివ్ చార్జ్, నారకూ నెగటివ్ చార్జే, సుద్ద కూడా మీ నీళ్లలో నెగటివే. అలాంటప్పుడు సిలికా దేనికి అంటుకుంటుంది, డబ్బు దండగ కాదా?

సూటిగా జవాబు. సిలికా నారకు అంటుకోదు. నార మీద అప్పటికే కూర్చున్న పాజిటివ్ పాలిమర్‌కు అంటుకుంటుంది. కాబట్టి మీ పాలిమర్ నార మీదా సుద్ద మీదా సరిగ్గా కూర్చుని ఉంటే సిలికా బాగా పనిచేస్తుంది. కూర్చోకుండా నీళ్లలోని చెత్తతో కలిసిపోతుంటే మాత్రం సిలికా వేసిన డబ్బు బ్యాక్ వాటర్‌లో పోసినట్టే. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే రెండోదే ఎక్కువ అనిపిస్తోంది. అందుకని సిలికా ట్రయల్‌కు ఒప్పుకునే ముందు బ్యాక్ వాటర్ చార్జ్ కొలవండి. ఇరవై ఏడేళ్లుగా మెషిన్ తడి భాగమైన వెట్ ఎండ్‌లో పనిచేస్తున్నాను. ఈ వరస తప్పినందుకు నష్టపోయిన మెషిన్లు చాలా చూశాను కాబట్టి కారణాలు కాస్త వివరంగా రాస్తాను.

ముందు సమస్య కొలత తెలియాలి. సుద్ద రేణువు ఒకటి రెండు మైక్రాన్లు. ల్యాబ్‌లో రిటెన్షన్ కొలిచే బ్రిట్ జార్ జల్లెడ కన్నమే 76 మైక్రాన్లు. అంటే జల్లెడ పట్టి సుద్దను ఆపడం జరిగే పని కాదు. ఆవగింజల్ని బావి గిరక తాడుతో కట్టిన వలలో పట్టుకున్నట్టు ఉంటుంది. సుద్ద ఆగాలంటే నారకైనా అతుక్కోవాలి, నార పొడికైనా అతుక్కోవాలి, లేదా సుద్దలన్నీ కలిసి గుంపు కట్టాలి.

అవి తమంతట తాము అతుక్కోవు. నార మీద కార్బాక్సిల్ గ్రూపులు ఉంటాయి. మన జామాయిల్, సుబాబుల్, సరుగుడు లాంటి గట్టి కలపలో జైలాన్ అనే పదార్థం ఎక్కువ కాబట్టి ఈ గ్రూపులు తగినన్ని ఉంటాయి. నీళ్లలో అవి నెగటివ్ అవుతాయి. సుద్దకు డిస్పర్సెంట్ (రేణువుల్ని విడివిడిగా ఉంచే మందు) పూత వల్ల, నీళ్లలోని కరిగిన పదార్థాల వల్ల అదే గుర్తు వస్తుంది. ఒకటికొకటి దగ్గరకు వస్తే తోసుకుంటాయి. అయితే ఈ తోపుడు చాలా పొట్టిది. మామూలు మెషిన్ నీళ్లలో ఉండే ఉప్పుకు అది రెండు మూడు నానోమీటర్ల దూరం దాకానే పనిచేస్తుంది. ఆ దూరం దాటి చెయ్యి చాచగలిగినది ఏదైనా ఉంటే రెండింటినీ పట్టి కట్టేయగలదు. ఆ చెయ్యే పాలిమర్.

సీపామ్ గొలుసు ఎంత పొడవో ఒకసారి లెక్క వేద్దాం. కోటి అణుభారం ఉన్న గొలుసులో లక్షకు పైగా కణుపులు, అంటే వరసగా కలిసిన చిన్న అణువులు, ఉంటాయి. పూర్తిగా సాగదీస్తే పొడవు ముప్పై మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది, అంటే సుద్ద రేణువుకు పదిహేను ఇరవై రెట్లు. నీళ్లలో అది సాగి ఉండదు, పత్తి పింజలా వందా రెండు వందల నానోమీటర్ల ఉండగా ఉంటుంది. అయినా రెండు నానోమీటర్ల గోడకు అది లెక్కలేనంత పెద్దది.

ఇక అది నార మీద ఎందుకు కూర్చుంటుంది? ప్లస్, మైనస్ ఆకర్షించుకుంటాయి అని అందరూ చెప్పేదే. అది సగం నిజం. కూర్చోకముందు పాలిమర్ చుట్టూ క్లోరైడ్ అయాన్లు, నార చుట్టూ సోడియం, కాల్షియం అయాన్లు కట్టేసినట్టు ఉంటాయి. పాలిమర్ నార మీద వాలగానే ఈ చిన్న అయాన్లన్నీ విడుదలై నీళ్లలోకి పోతాయి. ఒక పెద్ద గొలుసు కదలిక పోగొట్టుకుంటే, వందల వేల చిన్న అయాన్లకు స్వేచ్ఛ వస్తుంది. ఎంట్రోపీ లెక్కలో అదే పెద్ద లాభం. పాలిమర్ నార మీద కూర్చోవడాన్ని ప్రధానంగా నడిపించేది అదే. దీన్ని పట్టించుకోవడం ఎందుకంటే, నీళ్లలో ఉప్పు పెరిగితే ఆ లాభం తగ్గుతుంది. నీళ్లు తిప్పి తిప్పి వాడే మిల్లుల్లో కండక్టివిటీ (నీళ్లలో ఉప్పుకు కొలత) పెరిగేకొద్దీ తక్కువ చార్జ్ ఉన్న పాలిమర్లు బలహీనపడటానికి ఒక కారణం ఇదే. రెండో కారణం, ఉప్పు నీళ్లలో గొలుసు ముడుచుకుపోయి చెయ్యి పొట్టిదవుతుంది.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. దయచేసి పెన్ను పట్టుకుని మీరూ వేయండి. ఈ ఒక్క లెక్క ట్రైనీ రోజుల్లో నాకు ఎవరైనా నేర్పి ఉంటే రెండు మూడేళ్లు ముందే వెట్ ఎండ్ అర్థమయ్యేది.

మీ సీపామ్‌లో నూటికి పది కణుపులకు పాజిటివ్ చార్జ్ ఉందనుకోండి. అలాంటి పాలిమర్ గ్రాముకు సుమారు 1.2 మిల్లీ ఈక్వివలెంట్ల (చార్జ్‌ను లెక్కపెట్టే కొలత) చార్జ్ మోస్తుంది. టన్నుకు 300 గ్రాములు వేస్తే మొత్తం 0.36 ఈక్వివలెంట్. ఇటువైపు మీ స్టాక్, అంటే నీళ్లలో కలిసిన నార, ఒక శాతం ఉందనుకుంటే టన్ను నారతో పాటు లక్ష లీటర్ల నీళ్లు వస్తాయి. ఆ నీళ్ల కాటయానిక్ డిమాండ్, అంటే అందులోని నెగటివ్ చార్జ్‌ను తీర్చడానికి కావలసిన పాజిటివ్ చార్జ్, లీటరుకు 100 మైక్రో ఈక్వివలెంట్లే అనుకోండి, ఇది పెద్ద అంకె కాదు. లక్షను వందతో గుణిస్తే 10 ఈక్వివలెంట్లు. మీ పాలిమర్ చేతిలో ఉన్నది 0.36. నీళ్లలో దాన్ని మింగడానికి కాచుకున్నది 10. అంటే దాదాపు ముప్పై రెట్లు.

ఇందులోంచి రెండు సంగతులు బయటపడతాయి. సీపామ్ చార్జ్‌ను చంపడానికి వేసేది కాదు, ఆ పనికి అది ఎప్పటికీ చాలదు. అది వంతెన కట్టడానికి వేసేది. ఇంత చెత్త మధ్య అసలు ఎలా పనిచేస్తుందంటే, వేసిన చోటి నుంచి, వైర్ జల్లెడ మీదకు స్టాక్ వదిలే హెడ్ బాక్స్ దాకా ఉన్న కొద్ది సెకన్లలో నార, సుద్ద, నార పొడి దానికి ఎదురుపడి ముందే పట్టేసుకుంటాయి కాబట్టి. అంటే ఇది పందెం. నీళ్లలో కరిగిన నెగటివ్ చెత్త పెరిగేకొద్దీ పందెంలో నార ఓడిపోతుంది. రెండోది, 250ని 400 చేస్తే 0.30 కాస్తా 0.48 అవుతుంది. 10 ముందు ఆ తేడా ఏమాత్రం? మీ బ్యాక్ వాటర్ తేటపడకపోవడంలో వింతేమీ లేదు.

మరి ఫార్మేషన్, అంటే షీట్‌లో నార సమంగా పరుచుకోవడం, ఎందుకు చెడింది? పాలిమర్‌ను అందుకున్న వాటిలో పొడవాటి నారలు ఒకదానికొకటి కట్టుకుని పెద్ద ముద్దలయ్యాయి. ఆ ముద్దలే లైట్‌లో మీకు మబ్బుల్లా కనిపించేవి. సుద్ద మాత్రం అలాగే నీళ్లలో ఉండిపోయింది. ముద్దలో నీళ్లు కూడా ఇరుక్కుంటాయి కాబట్టి కొన్నాళ్లకు ప్రెస్ తర్వాత తడి పెరిగిందని, డ్రైయర్ స్టీమ్ ఎక్కువ తాగుతోందని కూడా వింటారు. ఇప్పుడే రీడింగ్‌లు చూసుకోండి.

ఇక్కడ ఒక పాత పాఠం గుర్తు చేయాలి. వంతెన కట్టే పాలిమర్ ఉపరితలాన్ని సగం దాకా కప్పినప్పుడే బాగా పనిచేస్తుందని లా మెర్, హీలీ 1960ల మొదట్లోనే చెప్పారు. కారణం తేలికైనదే. ఒక రేణువు మీద కూర్చున్న గొలుసు తోక రెండో రేణువు మీద ఖాళీ చోటు వెతుక్కోవాలి. అన్ని రేణువులూ నిండా కప్పుకుంటే తోక దిగే చోటే ఉండదు, పైగా అన్నీ పాజిటివ్ అయి మళ్లీ తోసుకుంటాయి. తాగునీటి ప్లాంట్లలో పాలిమర్ ఎక్కువ వేస్తే నీళ్లు మళ్లీ మసకబారేది ఇందువల్లే. మీ మెషిన్‌లో నార అంత నిండిపోయే డోస్ కాదు మీది. కానీ పాలిమర్ కలిసే చోట మిక్సింగ్ సరిగా లేకపోతే పైపు దగ్గరున్న నార మాత్రం నిండిపోతుంది, అవతలి నార ఉత్తగా పోతుంది. కాబట్టి డైల్యూషన్ నీళ్లు సరిగ్గా వస్తున్నాయో లేదో చూడండి.

ఇంకో రకం పాలిమర్లు ఉన్నాయి. పాలీ డాడ్‌మాక్ లాంటివి. పొట్టిగా, ఒళ్లంతా చార్జ్‌తో ఉంటాయి, గ్రాముకు ఆరు మిల్లీ ఈక్వివలెంట్ల పైన. ఇవి నార మీద బల్లపరుపుగా పడుకుంటాయి, చెయ్యి చాచవు. అవి పడుకున్న చోట పాజిటివ్ మచ్చ ఏర్పడుతుంది, చుట్టూ నార నెగటివ్‌గానే ఉంటుంది. ఒక రేణువు మచ్చ, పక్క రేణువు ఖాళీ చోటుతో ఎదురుపడితే అతుక్కుంటాయి. దీన్ని ప్యాచ్ పద్ధతి అంటారు, జాన్ గ్రెగరీ 1973లో దీనిమీద రాసిన పేపర్ ఇప్పటికీ అందరూ చెప్పుకునేదే. ఇలా కట్టిన గుంపులు చిన్నవి, కాస్త మెత్తనివి. కానీ చెదిరినా మళ్లీ కూడుకుంటాయి. చెత్తను నోరు మూయించడానికి మొదట వేయాల్సింది ఇలాంటిదే. పది ఈక్వివలెంట్లను పూర్తిగా తీర్చాలంటే టన్నుకు కిలోన్నర పైన కావాలి, అంత వేయాల్సిన పనిలేదు. డిమాండ్‌ను సగానికి తెచ్చినా సీపామ్ ఊపిరి పీల్చుకుంటుంది. కాటయానిక్ స్టార్చ్ కూడా ఈ లెక్కలో కొంత మోస్తుంది. టన్నుకు ఎనిమిది కిలోలు వేస్తే సుమారు 1.7 ఈక్వివలెంట్.

నా అనుభవంలో ఒకటి. నేను అప్పట్లో పనిచేసిన మిల్లులో ఒక వానాకాలం రిటెన్షన్ మూడు రోజుల పాటు పడిపోతూ వచ్చింది. షిఫ్టులన్నీ పాలిమర్ బ్యాచ్ బాగోలేదన్నాయి, సప్లయర్‌ను పిలిచి గట్టిగా అడిగాము. చివరకు బ్యాక్ వాటర్‌ను చార్జ్ మీటర్‌లో పెడితే డిమాండ్ మామూలు కంటే రెట్టింపు దాటింది. ఒక్కొక్క చెస్ట్ (స్టాక్ ట్యాంకు) నుంచి శాంపిల్ తీసుకుంటూ వెనక్కి వెళ్తే బ్రోక్ (మళ్లీ పల్ప్ చేసే వృథా కాగితం) చెస్ట్ దగ్గర దొరికింది. గోడౌన్ కారుతోందని తడిసిన కోటెడ్ కాగితం రీళ్లన్నీ పల్పర్‌లో వేసి ఖాళీ చేస్తున్నారు. కోటింగ్‌లోని లేటెక్స్, డిస్పర్సెంట్ అన్నీ నెగటివే, అన్నీ నేరుగా మెషిన్‌లోకి వస్తున్నాయి. పాలీ డాడ్‌మాక్ లైన్‌ను బ్రోక్ పైపు మీదకే మార్చాము. చెత్త పుట్టినచోటే దాన్ని నార మీద అతికించేస్తే పలచన నీళ్లలోకి రాదు. రెండు రోజుల్లో సీపామ్ డోస్ మొదట్లో కంటే తక్కువకు దిగింది. ఆ సప్లయర్‌ను అనవసరంగా నిందించినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అయితే చార్జ్‌ను సున్నా దాటించొద్దు. మరో చోట ఒక రాత్రి షిఫ్టులో డాడ్‌మాక్ పంపు స్ట్రోక్ పెంచి వదిలేశారు. పొద్దున నేను వెళ్లేసరికి వైర్ పిట్‌లో నురగ, హెడ్ బాక్స్ పెదవి మీద తెల్లటి జిగురు. చార్జ్ మీటర్ ప్లస్ చూపిస్తోంది. నార, సుద్ద, అన్నీ పాజిటివ్ అయ్యాయి కాబట్టి సీపామ్‌కు కూర్చునే చోటే లేదు. పంపు ఆపిన వెంటనే సరికాలేదు. తిరిగే నీళ్లంతా మారాలి కదా, పూటంతా పట్టింది. ఎప్పుడూ కాస్త నెగటివ్ వైపే ఉంచండి.

ఇప్పుడు కాలం సంగతి. పుస్తకాల్లో దీని గురించి తక్కువ ఉంటుంది, మెషిన్ మీద మాత్రం చాలాసార్లు తేల్చేది ఇదే. సీపామ్ నార మీద వాలినప్పుడు మొదట ఒకటి రెండు చోట్ల పట్టుకుంటుంది, మిగతా ఒళ్లంతా ఉచ్చులుగా, తోకలుగా నీళ్లలోకి లేచి ఉంటుంది. వంతెన కట్టగలిగేది అప్పుడే. క్షణాలు గడిచేకొద్దీ ఒక్కో కణుపూ నార మీద చోటు పట్టుకుని గొలుసు చాపలా పరుచుకుంటుంది. నార గోడలో కన్నాలు కొన్ని నానోమీటర్ల నుంచి కొన్ని పదుల దాకానే కాబట్టి ఇంత పెద్ద గొలుసు లోపలికి దూరదు, పైనే పరుచుకుంటుంది. పొట్టి పాలిమర్లయితే కాలం ఇస్తే లోపలికీ వెళ్లిపోతాయి. ఎలాగైనా చాచిన చెయ్యి ముడుచుకున్నట్టే. అందుకే పాలిమర్‌ను ఎంత వేశామన్నదే కాదు, ఎన్ని సెకన్ల ముందు వేశామన్నదీ రాసుకోవాలి.

దీనికి తోడు షియర్, అంటే వేగంగా కదిలే నీళ్లు చీల్చే బలం. ఫ్యాన్ పంపు, సెంట్రిక్లీనర్లు, ప్రెషర్ స్క్రీన్ ముద్దల్ని చీలుస్తాయి. ముద్ద చిరిగినప్పుడు కొన్ని గొలుసులు తెగుతాయి, మిగిలిన తోకలు తమ రేణువు మీదే పడుకుంటాయి. అందుకే సీపామ్ ఒక్కటే కట్టిన ముద్ద చిరిగాక మునుపటంతగా మళ్లీ కలవదు. పైపు వేయడం సులువని పాలిమర్ లైన్‌ను ఫ్యాన్ పంపు ముందుకు మార్చిన మెషిన్ ఒకటి చూశాను. డోస్ ఎంత పెంచినా పాత రిటెన్షన్ రాలేదు. లైన్‌ను మళ్లీ స్క్రీన్ దగ్గరకు తెచ్చేదాకా అలాగే నడిచింది.

సరిగ్గా ఇక్కడే మీ నానో సిలికా వస్తుంది.

సిలికా రేణువు ఐదు నానోమీటర్లు అనుకోండి. ఒక గ్రాములో ఉపరితలం 500 చదరపు మీటర్ల పైన ఉంటుంది. మన లెక్కలో 200 గజాల ప్లాట్లు మూడు, ఒక్క గ్రాములో. అదంతా నెగటివ్. సీపామ్ ఉండ వందా రెండు వందల నానోమీటర్లు. అంటే సిలికా పాలిమర్ కంటే చాలా చిన్నది, పత్తి పింజలో చిక్కుకున్న పల్లేరు కాయల్లా ఉచ్చుల మధ్యకు దూరుతుంది. ఒక్కో రేణువూ రెండు మూడు ఉచ్చుల్ని పట్టుకుంటుంది, పక్క నార మీది ఉచ్చును కూడా పట్టుకుంటుంది. స్క్రీన్‌లో చిరిగి వచ్చిన చిన్న ముద్దలు ఇలా మళ్లీ కూడుకుంటాయి. ముఖ్యమైన తేడా, ఇవి చిన్నవిగా, గట్టిగా ఉంటాయి. సిలికా ఉచ్చుల్ని దగ్గరకు లాగినప్పుడు గొలుసు ముడుచుకుని లోపలి నీళ్లను బయటకు నెడుతుంది. రిటెన్షన్‌తో పాటు వైర్ మీద నీళ్లు దిగడం కూడా పెరిగేది, ఫార్మేషన్ చెడనిది ఇందువల్ల.

ఇది కొత్త మాయ కాదు. 1980లో స్వీడన్‌లో ఎకా కంపెనీ కాటయానిక్ స్టార్చ్‌తో కలిపి సిలికాను కాంపోజిల్ పేరుతో తెచ్చింది. తర్వాత కొద్ది కాలానికే సీపామ్‌తో బెంటొనైట్ పద్ధతి హైడ్రోకాల్ పేరుతో వచ్చింది. బెంటొనైట్ రేకు మందం ఒక నానోమీటరే, వెడల్పు మాత్రం వందల నానోమీటర్లు. గుణం దాదాపు ఒకటే, ధరలో బెంటొనైట్ చౌక, కాకపోతే నానబెట్టి కలిపే ట్యాంకు, మడ్డి శుభ్రం చేసే పని తోడవుతాయి. సుద్ద వాడే మీలాంటి మెషిన్‌లో ఏది వేసినా వేయవచ్చు. నేనైతే రెండింటి ట్రయల్ పక్కపక్కన పెట్టి చూసే తేల్చుకుంటాను.

వరస మాత్రం మార్చొద్దు: పాలిమర్ స్క్రీన్ ముందు, సిలికా స్క్రీన్ తర్వాత. సిలికా ముందు పడితే పాలిమర్ వచ్చేసరికి నీళ్లలోనే రెండూ కట్టుకుంటాయి, నారకు ఏమీ మిగలదు. రెండింటి నిష్పత్తి కూడా ముఖ్యమే. సిలికా ఎక్కువైతే ఉచ్చులన్నీ సిలికాతో నిండిపోయి మళ్లీ నెగటివ్ ముఖమే పైకి వస్తుంది, ముద్దలు విడిపోతాయి. పాలిమర్‌కు చెప్పిన సగం కప్పే సూత్రం ఇక్కడ సిలికాకూ వర్తిస్తుంది.

"నెగటివ్‌కు నెగటివ్ ఎలా" అన్న మీ అనుమానం చదవగానే నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. మా ఊరు గోదావరి ఒడ్డున. వరద రోజుల్లో ఎర్రటి నీళ్లు బిందెల్లో తెచ్చి, చిల్లగింజను సానరాయి మీద నాలుగు చుక్కల నీళ్లతో అరగదీసేది. ఆ గంధాన్ని బిందెలో కలిపి చేత్తో ఒకే వైపు మెల్లగా తిప్పేది. వేగంగా తిప్పబోతే చెయ్యి మీద కొట్టేది. పొద్దున్నకు మట్టి అడుగున పేరుకుని పైన నీళ్లు తేరుకునేవి. చిల్లగింజ రసంలోని గొలుసులు నెగటివ్, గోదావరి బంకమట్టి కూడా నెగటివ్. మధ్యలో పని చేసేది నీళ్లలోని కాల్షియం లాంటి రెండు చార్జ్‌ల అయాన్లు. అవి ఒక చేత్తో మట్టిని, ఇంకో చేత్తో గొలుసును పట్టుకుంటాయి, గొలుసు పొడవు వంతెన కడుతుంది. మునగ గింజ పొడి కూడా నీళ్లు తేరుస్తుంది, కానీ దాని దారి వేరు. అందులోవి పాజిటివ్ ప్రోటీన్లు, పొట్టివి, డాడ్‌మాక్ లాగా మచ్చలు వేస్తాయి. ఇంట్లో పనిచేసిన ఆ రెండు సూత్రాలే మీ మెషిన్ మీద ఉన్నాయి. మెల్లగా తిప్పమన్న అమ్మమ్మ మాట షియర్ గురించే.

ఇక మీరు చేయాల్సిన పని. బ్యాక్ వాటర్‌ను వడగట్టి చార్జ్ మీటర్‌లో పాలీ డాడ్‌మాక్‌తో టైట్రేట్ చేయండి. వరసగా ఐదారు రోజులు, ప్రతి షిఫ్టుకూ ఒకసారి, పక్కనే బ్రోక్ ఎంత శాతం పోతోందో రాయండి. రెండు గీతలు కలిసి లేచి దిగుతుంటే దొంగ బ్రోక్ చెస్ట్‌లోనే ఉన్నాడు. కలవకపోతే బ్లీచింగ్ తర్వాత పల్ప్ వాషింగ్ చూడండి.

తర్వాత బ్రిట్ జార్. హెడ్ బాక్స్ ముందు, పాలిమర్ కలవకముందు తీసిన స్టాక్ అర లీటరు జార్‌లో పోయండి. స్టిరర్ 1000 తిప్పుల దగ్గర పెట్టి, పాలిమర్ సిరంజితో స్టిరర్ రెక్క దగ్గరగా ఒక్కసారే వదలండి, గోడ మీద పడితే లెక్క తప్పుతుంది. స్క్రీన్‌కు బదులుగా అరనిమిషం 1500కు పెంచి, మళ్లీ 1000కి తెచ్చి, సిలికా వేసి, పది సెకన్ల తర్వాత అడుగు క్లిప్ తెరవండి. మొదటి వంద మిల్లీలీటర్లు పట్టండి. గ్లాసును ట్యూబ్‌లైట్‌కు అడ్డం పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది, అయినా వడగట్టి, ఆరబెట్టి, కాల్చి బూడిద తూయండి. కాల్చేటప్పుడు 525 డిగ్రీలు దాటొద్దు. 900 దగ్గర సుద్ద సున్నమైపోయి బరువు నూటికి 44 పాళ్లు పోతుంది, మీరు రిటెన్షన్ తప్పుగా లెక్కిస్తారు. ఈ తప్పు చేసిన రిపోర్టులు నా టేబుల్ మీదకు ఇప్పటికీ వస్తుంటాయి.

ఇదే పరీక్షను రెండు విధాలుగా చేయండి. ఒకసారి ఉన్న స్టాక్‌తో, ఇంకోసారి అదే స్టాక్‌లో ముందుగా కాస్త డాడ్‌మాక్ కలిపి, ఒక నిమిషం ఆగి. రెండో దాంట్లో సీపామ్ 250 గ్రాములకే నీళ్లు తేటపడితే మీ అసలు జబ్బు చెత్త. ముందు దాన్ని తగ్గించండి, సిలికా సంగతి తర్వాత. డాడ్‌మాక్ వేసినా తేడా రాకుండా, షియర్ దశ తీసేస్తే మాత్రం బాగుంటే మీకు నిజంగా సిలికా కావాలి. సప్లయర్ చెప్పింది సరైనదే.

పాలిమర్ ద్రావణం కూడా ఒకసారి చూడండి. గాజు పలక మీద పోసి వాల్చితే చేప కళ్లలాంటి జెల్లీ చుక్కలు కనబడుతున్నాయా? అయితే పొడి సరిగా తడవలేదు, కొన్నదాంట్లో కొంత ఫిల్టర్‌లో ఉండిపోతోంది. మంచి నీళ్లతో కలపండి, బ్యాక్ వాటర్‌తో వద్దు. ముప్పావు గంట, గంట మెల్లగా తిప్పి నాననివ్వండి. అలాగని పలచన చేసిన ద్రావణాన్ని రోజుల తరబడి నిల్వ పెడితే గొలుసులు బలం కోల్పోతాయి. ట్రాన్స్‌ఫర్‌కు సెంట్రిఫ్యూగల్ పంపు ఉంటే మార్పించండి. హెడ్ బాక్స్ చేరకముందే గొలుసుల్ని తుంచేసేది అదే.

డోస్‌ను ఈరోజే 250కి దించేయండి, ఫార్మేషన్ వెంటనే కోలుకుంటుంది. షిఫ్టుల వారీగా చార్జ్ రీడింగ్‌లు, బ్రోక్ శాతం, కండక్టివిటీ, పాలిమర్ ఎక్కడ కలుస్తోందో ఒక చిన్న గీత గీసి ఇక్కడే పెట్టండి. చూసి డాడ్‌మాక్ ఏ పైపు మీద పెట్టాలో చెబుతాను.